జబ్బు లేదు కదా, మాత్ర ఎందుకు?

రాజోలు వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "సార్, ఫైలేరియా మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చారు. మా ఇంట్లో ఎవరికీ బోదకాలు లేదు. నేను రోజూ వాలీబాల్ ఆడతాను, జ్వరం వచ్చి రెండేళ్ళు దాటింది. మాత్రలు తీసుకుని, ఆవిడ వెళ్ళాక కొబ్బరి చెట్టు మొదట్లో పడేశాను. జబ్బు లేనివాడికి మందెందుకు సార్?"

నిజం చెప్పాడు కాబట్టి తిట్టను. పైగా అడిగిన దాంట్లో లాజిక్ ఉంది. ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని, బయటికి అనకుండా మాత్రలు పారేసేవాళ్ళు చాలామంది. దీనికి మామూలుగా వచ్చే జవాబు "ముందు జాగ్రత్త బాబూ" అని. అది సగం జవాబే. మిగతా సగం తెలియాలంటే మన తెల్లరక్తకణాలు ఎలా పెరిగి పెద్దవవుతాయో, వాటిని పెంచే బుల్లి ఆర్‌ఎన్‌ఏల సంగతేంటో కొంచెం చూడాలి. ఆ బుల్లి ఆర్‌ఎన్‌ఏలను కనిపెట్టినందుకే 2024లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఓపిక పట్టండి, కోనసీమ దాటి ఎక్కువ దూరం తీసుకెళ్ళను.

ముందు పురుగు సంగతి. మురుగు కాలవల్లో, మూత సరిగ్గా లేని సెప్టిక్ ట్యాంకుల్లో, కదలని మురికినీళ్ళల్లో పెరిగేది క్యూలెక్స్ దోమ. అది కుట్టినప్పుడు ఫైలేరియా పిల్లపురుగులు చర్మం మీదికి దిగి, కుట్టిన చిల్లులోంచి లోపలికి పోతాయి. ఒకటి రెండు కాట్లతో అయ్యే పని కాదు, నెలల తరబడి కుట్టించుకోవాలి. మన ఊళ్ళల్లో అదేం కష్టం కాదనుకోండి.

లోపలికి పోయాక అవి చేరేది లింఫు నాళాల్లోకి. ఒంట్లో రక్తనాళాలు పంటకాలవల్లాంటివైతే లింఫు నాళాలు డ్రెయిన్లు. మిగిలిపోయిన నీరు మళ్ళీ రక్తంలోకి చేరేది వాటి గుండానే. డ్రెయిన్ సరిగ్గా పారకపోతే కొబ్బరితోట ఏమవుతుందో శంకరగుప్తం వైపు వాళ్ళని అడగండి, మోడుబారిన చెట్లు చూపిస్తారు. కాలి డ్రెయిన్ పాడైతే వచ్చేదే బోదకాలు. మగాళ్ళకి వృషణాల దగ్గర నీరు చేరితే వరిబీజం.

ఆడపురుగు దారంలా సన్నగా, 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే కాపురం చేస్తూ వేలకొద్దీ పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లలు పగలు లోపల్లోపల దాక్కుని, రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. దోమ కుట్టే వేళ కదా! అందుకే ఫైలేరియా వాళ్ళు రక్తం తీయడానికి రాత్రిపూట వచ్చేవారు. మా చిన్నప్పుడు తొమ్మిది దాటాక టార్చిలైట్లు వేసుకుని వీధిలోకి వస్తే, "దొంగలు తిరిగే వేళకి వీళ్ళేంట్రా" అని మా తాతయ్య విసుక్కుంటూనే వేలు చాపేవారు. ఇప్పుడు పగలైనా చూడగలిగే స్ట్రిప్ టెస్టులు వచ్చాయిలెండి. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955 నాటిది. దేశం మొత్తానికి దీని శిక్షణ కేంద్రాలు మూడు పెడితే అందులో ఒకటి మన రాజమండ్రిలోనే పెట్టారంటే, గోదావరి జిల్లాలకి ఈ పురుగుతో ఎంత పాత చుట్టరికమో అర్థం చేసుకోండి.

ఇప్పుడు అసలు వింత. కొబ్బరి ఈనె ముక్క వేలికి గుచ్చుకుని ఉండిపోతే రెండ్రోజుల్లో వాచి చీము పడుతుంది. ఒళ్ళు అంత గొడవ చేస్తుంది. మరి జానెడులో దాదాపు సగం పొడవున్న బతికున్న జంతువు ఏళ్ళకేళ్ళు లోపల తిరుగుతుంటే, వాలీబాల్ ఆడే కుర్రాడికి చిన్న దురద కూడా లేదేం? రక్తంలో పిల్లపురుగులు తిరుగుతున్నా బయటికి ఏ లక్షణమూ లేనివాళ్ళు బోలెడుమంది. వాళ్ళ రోగనిరోధక కణాలు నిద్రపోతున్నాయా?

నిద్ర కాదు. వాటికి "ఊరుకో" అని ఎవరో చెబుతున్నారు.

ఇమ్యూనిటీని సైన్యంతో పోల్చడం అందరికీ అలవాటు. నాకు ఆ పోలిక అంత నచ్చదు. సైనికుడు తయారై వస్తాడు. ఈ కణాలు మాత్రం మన ఎముకల్లోని మూలుగలో రోజూ కొత్తగా పుట్టి, చదువుకుని, ఎవరి పని వాళ్ళు నేర్చుకోవాలి. ఒకే రకం మూలకణం నుంచి ఒకటి యాంటీబాడీలు చేసే బీ కణం అవుతుంది, ఇంకొకటి రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథికి వెళ్ళి టీ కణం అవుతుంది, మరొకటి చెత్తనీ క్రిముల్నీ మింగే మాక్రోఫేజ్ అవుతుంది. అన్నిట్లోనూ ఉన్న డీఎన్‌ఏ దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడ?

ధవళేశ్వరం నుంచి సెంట్రల్ డెల్టాకి వచ్చే నీళ్ళు ఒకటే. కొత్తపేట చేనుకి ఎంత, అమలాపురం శివారు చేనుకి ఎంత, ఎప్పుడు అన్నది తేల్చేది తూములు, షట్టర్లు. వాటిని ఎత్తేది, దించేది లస్కరు. ఆ లస్కరు పని కణంలో చేసేదే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. డీఎన్‌ఏ నుంచి ప్రొటీన్ తయారు చేయమని పెద్ద ఆర్‌ఎన్‌ఏ ఆర్డరు కాగితంలా బయల్దేరుతుంది. సుమారు 22 అక్షరాల పొడవుండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ వెళ్ళి ఆ కాగితానికి అతుక్కుంటుంది. అతుక్కుంటే ఆ ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. పూర్తిగా ఆగదు, షట్టర్ కొంచెం దిగుతుంది అంతే. కానీ ఒక్క లస్కరు చేతిలో వందల తూములు ఉంటాయి. అదీ దాని బలం.

ఇది రోగనిరోధక కణాల పెంపకంలో ఎంత పనిచేస్తుందో గత ఇరవై ఏళ్ళలో ఎలుకల మీద బాగా చూశారు. 2004లో అమెరికా పరిశోధకులు మిర్-181 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏని ఎలుక మూలుగ కణాల్లో ఎక్కువ చేస్తే, వాటిలో బీ కణాలుగా మారేవాటి వాటా పెరిగింది. మిర్-150 అనేదాన్ని వేళ కాని వేళ ముందే పుట్టిస్తే బీ కణాల ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయింది. 2007లో వచ్చిన ఇంకో ప్రయోగం నాకు మరీ ఇష్టం. మిర్-155 ఒక్కటి తీసేసిన ఎలుకలకి వ్యాక్సిన్ వేశారు. పైకి చూస్తే ఎలుకలు బాగానే ఉన్నాయి. తర్వాత అదే క్రిమిని ఎక్కిస్తే వ్యాక్సిన్ పనిచేయలేదు. చదువు చెప్పారు, పిల్లాడికి ఎక్కలేదు. అలాగని మిర్-155 ఎక్కువైతే మంచిదా అంటే, దాన్ని బీ కణాల్లో అతిగా పెంచిన ఎలుకలకి బ్లడ్ క్యాన్సర్లు వచ్చాయి. "ఇమ్యూనిటీ బూస్టర్" అని రీల్స్‌లో పౌడర్లు అమ్మేవాళ్ళు ఏ షట్టర్ ఎంత ఎత్తుతారో చెప్పరు, గమనించారా? కాలవకి గండి కొట్టడం కూడా నీళ్ళు పెంచడమే మరి.

సరే, నోబెల్ దగ్గరికి వద్దాం. బహుమతి విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనే ఇద్దరు అమెరికన్లకి వచ్చింది. వాళ్ళు పనిచేసింది మట్టిలో బతికే ఒక మిల్లీమీటరు పురుగు మీద. 1993లో మొదటి మైక్రో ఆర్‌ఎన్‌ఏ లిన్-4 దాంట్లోనే బయటపడింది. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, పురుగుకి ఏదో ఉందిలే అనుకున్నారు. 2000లో రవ్‌కున్ బృందం రెండోది కనిపెట్టింది. పేరు లెట్-7. పిల్లపురుగు పెద్దపురుగు కావాల్సిన వేళ ఇది తేలుస్తుంది. అదే ఏడాది తేలిన ఇంకో విషయం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. అదే లెట్-7 మనుషుల్లోనూ ఉంది. అదే అంటే ఏదో పోలిక కాదు. యూ, జీ, ఏ, జీ, జీ, యూ, ఏ, జీ అని మొదలై అక్షరం పొల్లు పోకుండా అదే. ఆ పురుగుల వంశమూ మన వంశమూ విడిపోయి 50 కోట్ల ఏళ్ళు దాటింది. అన్నదమ్ములు ఆస్తి పంచుకుని విడిపోతే మూడో తరానికి ఇంటిపేర్ల స్పెల్లింగు మారుతుంది. ఇది మాత్రం మారలేదు.

మన దగ్గర లెట్-7 ఏం చేస్తుందంటే, చాలా చేస్తుంది. వాటిలో ఒకటి మన కథకి కావాలి. కడుపులో ఉన్న శిశువు తయారుచేసే రోగనిరోధక కణాలూ పెద్దయ్యాక మూలుగ తయారుచేసేవీ ఒక్క రకం కావు. 2012లో ఎలుకల మీద చూస్తే, లెట్-7ని అణిచిపెట్టే లిన్28బీ అనే ప్రొటీన్‌ని పెద్ద ఎలుక మూలుగలో ఎక్కించినప్పుడు, ఆ మూలుగ మళ్ళీ శిశువు మూలుగలా కణాలు తయారు చేయడం మొదలెట్టింది. పురుగు పెద్దదయ్యే వేళ తేల్చే జోడీయే మన రక్తం పెద్దరికాన్నీ తేలుస్తోందన్నమాట.

ఇక్కడికొచ్చాక మీకు అనుమానం రావాలి. మట్టిపురుగులో ఉంది, మనిషిలో ఉంది. మరి ఫైలేరియా పురుగు? అదీ మట్టిపురుగుకి చుట్టమే, గుండ్రటి పురుగుల జాతే. దాంట్లోనూ లెట్-7 ఉంది. ఉండటమే కాదు, బయటికి వదులుతోంది.

మన ఊళ్ళల్లో ఉండే ఫైలేరియా పురుగుని ల్యాబ్‌లో పెంచడం కష్టం. అందుకని దాని దగ్గరి బంధువు బ్రుగియా మలాయి మీద ప్రయోగాలు చేస్తారు. 2015లో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు చూసిందిది: ఒంట్లోకి జొరబడే దశలో ఉన్న పిల్లపురుగులు నూనె బుడగల్లాంటి అతి చిన్న సంచుల్ని విపరీతంగా వదులుతున్నాయి. ఆ సంచుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, వాటిలో మన లెట్-7తో సరిపోయేవి కూడా. మాక్రోఫేజ్‌లని పక్కన పెడితే అవి ఆ సంచుల్ని మింగేశాయి. దొంగ ఇంటి తాళం పగలగొట్టలేదు, లస్కరు యూనిఫాం వేసుకుని నేరుగా తూము దగ్గరికి నడిచి వెళ్ళాడు. అయితే అక్కడ ఇంకో తమాషా జరిగింది. మింగిన మాక్రోఫేజ్‌లు శాంతించలేదు, ఆ డిష్‌లో రెచ్చిపోయాయి. అంటే వ్యవహారం "పురుగు ఆర్‌ఎన్‌ఏ పంపింది, ఒళ్ళు పడుకుంది" అన్నంత తేలిక కాదు. కానీ ఎలుక పేగులో ఉండే ఇంకో పురుగు విషయంలో మాత్రం 2014లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు చూపించారు: ఆ పురుగు సంచుల్ని ఎలుక ముక్కు ద్వారా ఇస్తే, ఫంగస్ తగిలినప్పుడు రావాల్సిన ఎలర్జీ గొడవ తగ్గిపోయింది. ఆఫ్రికాలో కంటిచూపు పోగొట్టే ఫైలేరియా జాతి ఉంది. దాని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు రోగుల రక్తంలోనే దొరికాయి. పురుగు ఎక్కడో నాళంలో ముడుచుకుని ఉన్నా దాని చీటీలు ఒళ్ళంతా తిరుగుతున్నాయి.

చీటీలే మొత్తం కారణం అని నేననను. పురుగు వదిలే ప్రొటీన్లు కూడా ఉన్నాయి. ఏ దారిన జరిగినా ఫలితం మాత్రం మనుషుల్లోనే స్పష్టంగా చూశారు. లక్షణాల్లేకుండా పిల్లపురుగుల్ని మోసేవాళ్ళ రక్తంలో గొడవ చల్లార్చే రెగ్యులేటరీ టీ కణాల జోరు ఎక్కువ, పురుగు మీదికి వెళ్ళే కణాల స్పందన తక్కువ.

కాబట్టి రాజోలు తమ్ముడూ, నీ ప్రశ్నకి మిగతా సగం జవాబు ఇది. ఈ జబ్బులో "నాకేం లేదు" అన్నది సాక్ష్యం కాదు. ఏమీ అనిపించకుండా చూసుకోవడమే పురుగు బతుకుతెరువు. నీకు పురుగు ఉందని నేననడం లేదు, లేకపోవచ్చు. కానీ ఉందో లేదో నీ ఒళ్ళు నీకు చెప్పదు.

ఆ నిశ్శబ్దం ఎల్లకాలం ఉండదు కూడా. పెద్దపురుగు చచ్చినప్పుడు, నాళం దెబ్బతిన్నప్పుడు, వేళ్ళ సందుల్లో ఒరుపుల్లోంచి బ్యాక్టీరియా దూరినప్పుడు అప్పటిదాకా నోరు మూసుకున్న ఇమ్యూనిటీ ఒక్కసారి విరుచుకుపడుతుంది. గజ్జల్లో బిళ్ళ కట్టడం, చలిజ్వరం, కాలు ఎర్రగా వాచడం. ఇలా పదేపదే వస్తే వాపు తగ్గడం మానేస్తుంది. పురుగు చిన్నతనంలోనే ఎక్కి, కాలు బయటపడేది చాలా ఏళ్ళ తర్వాత. మా దూరపు మేనత్త ఒకావిడ చీర కుచ్చిళ్ళు నేలని ఊడ్చేలా కట్టేది. పెళ్ళిళ్ళకి వస్తే చివరి బంతిలో, అదీ కాళ్ళు బల్ల కిందకి పోయేలా కూర్చునేది. ఆవిడ కాలు నేను చూసింది ఆవిడ పోయిన రోజునే. ఆ స్థితికి వచ్చిన కాలుని ఏ మాత్రా మామూలు చేయలేదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, పుండు పడకుండా చూసుకోవడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం, ఇవి చేస్తే జ్వరాలు బాగా తగ్గుతాయి. ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఆ పని మీరు చేసిపెట్టండి. వంగి పాదం తోముకోవడం వాళ్ళకి కష్టం.

నువ్వు చెట్టు మొదట్లో పారేసిన మాత్ర కథ కూడా చెప్పాలి, ఎందుకంటే అది మనవాడిదే. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు. గోదావరికి అటు ఇటు అంతా ఫైలేరియా ప్రాంతమే. అమెరికా వెళ్ళి లెడర్లీ ల్యాబ్స్‌లో పరిశోధనలకి నాయకత్వం వహించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికులకి ఈ పురుగు అంటుకోవడంతో మందు కోసం వెతుకులాట ఊపందుకుంది. 1947లో ఆ ల్యాబ్ నుంచి డైఇథైల్ కార్బమజీన్ బయటికి వచ్చింది, మనం డీఈసీ అంటున్నది అదే. అప్పట్లో దాని పేరు హెట్రజాన్. మరుసటి ఏడాదే ఆయన పోయాడు, 53 ఏళ్ళకి. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పిల్లల లుకేమియాని మొదటిసారి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించాడు. లుకేమియా అంటే ఏంటి? తెల్లకణాలు ఎదగకుండానే గుంపులుగా పెరిగిపోవడం. 2002లో పెద్దవాళ్ళకి వచ్చే ఒకరకం లుకేమియాలో చూస్తే మిర్-15, మిర్-16 అనే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలున్న డీఎన్‌ఏ ముక్క చాలామంది రోగుల్లో ఊడిపోయి ఉంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏకీ మనిషి జబ్బుకీ లంకె దొరికిన మొదటి సందర్భాల్లో అదొకటి. లస్కరు లేని తూము ఎలా ఉంటుందో సుబ్బారావుకి తెలిసే వీల్లేదు, కానీ ఆ వరదకి అడ్డుకట్ట వేసిన తొలి మందుల్లో ఒకటి ఆయన ల్యాబ్‌దే.

డీఈసీలో ఇంకో విశేషం ఉంది. గాజు గొట్టంలో పిల్లపురుగుల మీద పోస్తే అది పెద్దగా చంపదు. ఒంట్లోకి వెళ్తే మాత్రం గంటల్లో రక్తంలోంచి వాటిని ఊడ్చేస్తుంది. అంటే చంపేది ఎక్కువగా మన కణాలే. మందు పురుగు ముసుగు లాగుతుంది, "ఊరుకో" అన్న మాట చెల్లకుండా చేస్తుంది, అప్పుడు మనవాళ్ళు పని కానిస్తారు. కొంతమందికి మాత్ర వేసుకున్న రాత్రి జ్వరం, తలనొప్పి, తల తిరగడం వస్తాయి కదా? "మందు పడలేదు, ఇంకెప్పుడూ వేసుకోను" అంటారు. రక్తంలో పిల్లపురుగులు ఎక్కువున్నవాళ్ళకే ఆ బాధ ఎక్కువ. చచ్చిన పురుగుల గొడవ అది. ఒకట్రెండు రోజుల్లో పోతుంది. జ్వరం వచ్చినవాడే ఆ మాత్ర అందరికంటే ఎక్కువ అవసరమైనవాడు. జ్వరం మరీ ఎక్కువైతే పీహెచ్‌సీకి వెళ్ళాలి, అంతేగానీ వచ్చే ఏడు మానేయకూడదు.

పెద్దపురుగులన్నీ ఒక్క మోతాదుతో చావవు, అందుకే ఏడాదికోసారి, ఏళ్ళ తరబడి వేస్తారు. ఊళ్ళో ఎక్కువమంది వేసుకుంటే దోమకి దొరికే పిల్లపురుగులు తగ్గిపోయి గొలుసు తెగుతుంది. నువ్వొక్కడివి పారేస్తే ఆ గొలుసులో ఒక కొక్కెం మిగిలినట్టే, ఎందుకంటే బోదకాలున్న పెద్దాయన కంటే ఏ లక్షణం లేకుండా రక్తంలో పిల్లల్ని మోసే కుర్రాడే దోమకి ఎక్కువ పనికొస్తాడు. ఇది సాధ్యమేనా అంటే, చైనా 2007లో వదిలించుకుంది. మనలాగే కొబ్బరిచెట్లూ కాలవలూ ఉన్న శ్రీలంకకి 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మన దేశం గడువు 2027.

ఇన్ఫెక్షన్ తగినంత తగ్గిందని పరీక్షల్లో తేలిన చోట మాత్రల పంపిణీ ఆపేస్తారు, కాబట్టి మీ మండలం ఏ లెక్కలో ఉందో ఏఎన్‌ఎమ్ గారిని అడగండి. పంచుతుంటే ఖాళీ కడుపుతో కాకుండా అన్నం తిన్నాక వేసుకోండి. 15 ఏళ్ళు దాటినవాళ్ళకి డీఈసీ 100 మిల్లీగ్రాములవి మూడు, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములది ఒకటి. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఇస్తారు, అది ఎత్తుని బట్టి. రెండేళ్ళ లోపు పిల్లలకి, గర్భిణులకి, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళకి ఇవ్వరు. ఆశా కార్యకర్త "నా ఎదురుగానే మింగండి" అంటే కోపం తెచ్చుకోకండి, మంచినీళ్ళ గ్లాసు ఆవిడకీ ఒకటి ఇవ్వండి. పొద్దున్నుంచి ఎన్ని ఇళ్ళు తిరిగిందో!